గయ్యాళి వాంగ్మూలం

సైన్యం ఇచ్చే వైకల్య పింఛను దరఖాస్తులో ఏడో పేజీ భార్య రాయాల్సింది. 'భర్త వైకల్యం వల్ల కుటుంబానికి కలిగిన ఇబ్బందులు' అని పైన అచ్చువేసి, కింద పన్నెండు గీతలు వదిలారు. ఆమె వంటింటి గట్టు తుడిచి, తడి ఆరాక కాగితం పరుచుకుంది.

"చెవుల సంగతే రాయమ్మాయ్," అంది అత్తగారు గుమ్మంలోంచి. "మనసు బాగోలేదని రాస్తే రేపు వాణ్ణి అందరూ పిచ్చోడంటారు."

పదకొండేళ్ళుగా ఆమెను అందరూ గయ్యాళి అంటున్నారు. దానికి మాత్రం ఎవరూ అడ్డుపడలేదు. ఫిరంగి దళంలో పనిచేసిన భర్త ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఏ మాటైనా రెండుసార్లు చెప్పి, మూడోసారి గొంతు చించుకోవాల్సిందే. బళ్ళో రోజంతా పాఠాలు చెప్పి వచ్చి, ఇంట్లో అరిచి అరిచి ఆమె గొంతు పూడుకుపోయేది. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. మరిది పిలిస్తే మాత్రం ఆయన వెంటనే తల తిప్పేవాడు. "చూశావా, మావాడికి చెవుడు కాదు, నీ మాటంటేనే విసుగు," అని అత్తగారు నవ్వేది. ఆమె కూడా అదే నమ్మింది. నమ్మి, కబుర్లు చెప్పడం మానేసింది. అన్నానికి పిలవడం, మందులు గుర్తుచేయడం, అంతవరకే.

మొన్న ఆస్పత్రిలో చెవుల డాక్టరమ్మ పరీక్ష కాగితం మీద జారుడుబల్లలా దిగిపోయిన గీతను చూపించింది. "ఫిరంగుల మోతకి సన్నటి శబ్దాలన్నీ పోయాయండి. మగవాళ్ళ గొంతు కొంత అందుతుంది. ఆడవాళ్ళది, పిల్లలది అందదు. మీరు అరిచేకొద్దీ గొంతు ఇంకా సన్నబడుతుంది. తగ్గించి, నిదానంగా చెప్పి చూడండి."

ఇన్నేళ్ళలో ఈ మాట చెప్పినవాళ్ళు లేరు. తిరిగొస్తూ బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనే కూర్చున్న ఆయనకు అదీ వినపడలేదు.

చెవుల సంగతి మూడు గీతల్లో అయిపోయింది. ఆమె ఆగలేదు. తలుపు ధడేలుమంటే ఆయన మంచం కింద దూరడం రాసింది. వారాల తరబడి ఎవరితోనూ పలకకపోవడం రాసింది. ఆయన ఇంటికొచ్చిన నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం, గాలికి తలుపు కొట్టుకున్నప్పుడు, తనను ఎవరో శత్రువనుకుని మణికట్టు విరిచేయడం రాసింది. బళ్ళో మెట్ల మీద పడ్డానని అప్పట్లో అందరికీ చెప్పింది. ఆయనకూ అదే చెప్పింది. గీతలు చాలక కాగితం వెనక్కి తిప్పింది.

"ఏదీ, ఇలా ఇవ్వు," అని అత్తగారు చెయ్యి చాచింది.

ఆమె ఇవ్వలేదు. ముందు గదిలోకి వెళ్ళి, ఆయన పక్కన కూర్చుని, గొంతు బాగా తగ్గించి, ఒక్కో మాటే చదివింది. ఆయన ఒక్కసారి కూడా "ఏంటీ?" అనలేదు. మణికట్టు దగ్గరికొచ్చేసరికి ఆమె చేతి వైపు చూశాడు. ముట్టుకోబోయి ఆగిపోయాడు.

"నాకు గుర్తే లేదు," అన్నాడు. ఆ తర్వాత అడిగాడు. "అప్పుడు నువ్వు అరవలేదా?"

"అరిచాను," అని, ఆమె కాగితం చివర సంతకం పెట్టింది.