పళ్ళెంలో కలిసిన మాత్రలు

ఆస్పత్రి నుంచి కొత్త సీసాలు తెచ్చిన ప్రతిసారీ ఆ తోటికోడళ్ళ ఇంట్లో ఒక తంతు జరిగేది. పెద్దామె రెండు సీసాల మాత్రలనూ పళ్ళెంలో గుమ్మరించి, బాగా కలియబెట్టి, మళ్ళీ రెండు సీసాల్లోకీ పంచేది.

"నాకు ఎక్కువేస్తున్నావక్కా!"

"నీ దగ్గు వీధి చివరిదాకా వినిపిస్తోంది. దాన్ని మేపాలి కదే!"

చిన్నామె నవ్వబోయి దగ్గింది.

ఇద్దరిదీ గోనెసంచుల మిల్లులో పని. నార దుమ్ము ఇద్దరి ఊపిరితిత్తుల్నీ తినేస్తోంది. కొత్త మందును పరీక్షిస్తున్నారని తెలిసి పెద్దాసుపత్రికి వెళ్ళారు. "సంతకం పెట్టమ్మా, వెనక లైనుంది" అన్నాడు గుమస్తా. పెట్టారు. కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త మాత్రలు ఇస్తారని తర్వాత మిల్లులో ఎవరో చెబితేనే తెలిసింది.

"ఒకరికి మందూ, ఒకరికి మట్టీనా? చెరిసగం తిందామే. బతికితే ఇద్దరం బతుకుదాం" అంది పెద్దామె.

సగం అన్నంతో ఆకలి సగమైనా తీరుతుంది. సగం మందుతో రోగం సగం తగ్గాలని లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

వానలు వెలిసేలోపే చిన్నామె ఊపిరి ఆగిపోయింది.

మిగిలిన మాత్రలు తిరిగిచ్చేటప్పుడు పెద్దామె జరిగిందంతా పరీక్ష నడిపే పెద్ద డాక్టరుతో చెప్పింది. పరీక్ష నియమం ప్రకారం, ఎవరికి ఏది ఇచ్చారో ఆయనకూ తెలియదు. కనుక్కుని వచ్చి మెల్లగా అన్నాడు.

"ఆమెది అసలు మందు. నీది ఉత్త మాత్ర."

పెద్దామె గోడవారన కూలబడింది. "దాని నోటి దగ్గర మందు నేనే లాక్కున్నానా అయ్యా? మొత్తం వేసుకునుంటే బతికేదా?"

"తెలీదమ్మా. అది తెలుసుకోడానికే ఈ పరీక్ష. మాత్రలు కలిసిపోయాయి, ఆమె సంగతి ఇక ఎప్పటికీ తెలీదు."

"కలపకూడదని ముందే చెప్పుంటే కలిపేదాన్నా?"

డాక్టరు తల దించుకున్నాడు. "ఉత్త మాత్ర ఇవ్వడం మోసం కాదమ్మా. దానితో పోల్చి చూడకపోతే, తగ్గింది మందు వల్లో, మందు మీద నమ్మకం వల్లో తేలదు. నీకు ఇదంతా చెప్పకుండా సంతకం తీసుకోవడమే మోసం. తప్పు మాది."

ఆ మాటతో పోయిన మనిషి రాలేదు. పెద్దామె ఆ పళ్ళేన్ని మళ్ళీ ముట్టలేదు.

సంతకం అడిగేముందు ఎదుటి మనిషికి అర్థమయ్యేదాకా చెప్పడం కూడా వైద్యమే.