గట్టు మీది మట్టి

జాషువా ఆరు వారాలుగా అబద్ధపు మట్టి తెస్తున్నాడు. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అల్లవరం దగ్గర కోతలైపోయిన ఒక వరిచేలో పొడవాటి ఇనప గొట్టం పాతి, దాని కొసన పళ్ళెమంత యాంటెన్నా బిగించారు. మనం ఫోన్‌లో దారి చూసుకునే ఉపగ్రహాల సంకేతాలే దానికీ అందుతాయి. కొన్ని తిన్నగా ఆకాశం నుంచి వస్తాయి, కొన్ని చేలో పడి పైకి లేచి వస్తాయి. నేల తడిగా ఉంటే ఆ లేచి వచ్చిన సంకేతం ఒకలా ఉంటుంది, ఆరితే మరోలా ఉంటుంది. అలా నేలను తాకకుండానే దాని తడి తెలిసిపోతుంది. ఆ యంత్రాన్ని చూసుకునే ఈ ఉద్యోగం మీద జాషువాకి మనసైంది ఆ ఒక్క మాటకే. తాకకుండానే.

కానీ తాకక తప్పలేదు. యంత్రం చెప్పేది సరైనదో కాదో తేల్చాలంటే ప్రతి గురువారం చేలో ఐదు జెండాల దగ్గర మట్టి తీసి, డబ్బాల్లో తూచి, ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. మొదటి గురువారం అతను గట్టు అంచున నిలబడి కాలెత్తాడు. అది కిందికి దిగలేదు. అసహ్యం కాదు, పాముల భయమూ కాదు. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగినట్టుంది. గట్టు మీదే ఐదుచోట్ల తవ్వి డబ్బాలు నింపుకున్నాడు.

ఆ చుట్టుపక్కల చేలలోనే అతని తల్లి దీనమ్మ పాతికేళ్ళు ఊడ్పులకెళ్ళింది. కూలిమనిషి కొడుకువని ఎవరైనా గుర్తుపడతారని సిగ్గు నీకు, అని అతను తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. ఎంత తిట్టుకున్నా కాలు మాత్రం వినలేదు.

యంత్రం తడి అంటోంది, డబ్బాలు పొడి అంటున్నాయి. విశాఖలో ఉన్న పై అధికారి సుస్మిత డబ్బాలనే నమ్మింది. "యంత్రమే పాడైనట్టుంది జాషువా గారూ. శనివారం వచ్చి విప్పించేస్తాను" అని ఫోన్ చేసింది. విప్పేస్తే, మురుగు కాలవ పూడిపోయి చేలు ఆరడం లేదని మొత్తుకుంటున్న రైతులకు ఉన్న ఒక్క రుజువూ పోతుంది. ప్రభుత్వం పూడిక తీయించే కాలవల జాబితాలో వాళ్ళ కాలవ ఉండదు.

శనివారం పొద్దున్న దీనమ్మ అతని పళ్ళెంలో దిబ్బరొట్టె ముక్క వేస్తూ గుమ్మం వైపు చూసింది.

"ఏరా నాన్నా, నెలన్నర్నించీ చేలో పనంటావు. నీ బూట్లు చూస్తే బ్యాంకు మేనేజరు గారి బూట్లలా ఉన్నాయి. మట్టికి కూడా నువ్వంటే హడలేంట్రా?"

జాషువా నవ్వలేదు. "నేను చేలో దిగలేదమ్మా" అన్నాడు. తరవాత అంతా చెప్పేశాడు. చివర్న, పళ్ళెంలోకి చూస్తూ, "నీ పనంటే నాకు సిగ్గేమోనమ్మా" అన్నాడు.

"సిగ్గా? నీ మొహం." దీనమ్మ పీట లాక్కుని కూర్చుంది. "ఆరేళ్ళప్పుడు నిన్ను గట్టు మీద కూర్చోబెట్టి పలకిచ్చేను. గభాల్న దూకి, నా పక్కన చేరి నారు నాటేవు. చెంప పగలగొట్టేను."

"నాటితే కొట్టడమేంటమ్మా?"

"బాగా నాటేవురా! వరస తప్పలేదు. చేతులు నేర్చేసుకుంటాయని గుండె గుభేలుమంది. నా మీదొట్టు, మళ్ళీ బురదలో కాలెట్టకని చెప్పేను. నిన్ను కొట్టింది అదొక్కసారే."

అతనికి దెబ్బ గుర్తులేదు. ఒట్టూ గుర్తులేదు. కాలికి గుర్తుంది.

దీనమ్మ పీట మీంచి లేస్తూ అంది: "ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసేన్లే. దిగు. ముందు ఆ మేడం గారికి ఫోన్ చెయ్. పాపం, ఎక్కణ్ణుంచో వస్తున్నారు."

అతను అక్కడే, ఎంగిలి చెయ్యి కడుక్కుని, ఫోన్ చేశాడు.

"యంత్రం తప్పు కాదండి. నేను గట్టు మీద మట్టి తెచ్చేనండి."

"ఒకసారా?"

"ఆయ్, కాదండి. ఆరుసార్లూ."

అవతల కారు హారన్ ఒకటి వినిపించింది. "యంత్రాన్ని అనవసరంగా తిట్టానే" అంది సుస్మిత నెమ్మదిగా. "దారిలో ఉన్నాను. నా ఎదురుగా మళ్ళీ తీయండి. మిగతాది తరవాత."

ఆ మిగతాది ఏమిటో చేను చేరాక కూడా ఆమె చెప్పలేదు. కొలతలు రాసే పుస్తకం తెరిచి గట్టు మీద నిలబడింది. జాషువా ప్యాంటు మడిచి కాలెత్తాడు. ఈసారి చొక్కా ఎవరూ పట్టుకోలేదు. పైన బిరుసెక్కిన పొర విరిగి, పాదం చీలమండ దాకా దిగిపోయింది. చలి పిక్కల్లోకి పాకింది. ఇందులో అమ్మ పాతికేళ్ళు, అనుకున్నాడు. అంతకుమించి ఆలోచన సాగలేదు.

మొదటి జెండా దగ్గర వంగి మట్టి తీశాడు.

"ఎలా ఉంది?" అంది సుస్మిత. మట్టి ఎలా ఉందనో, తనకెలా ఉందనో అతనికి తెలియలేదు.

"తడేనండి. పిసికితే నీళ్ళు కారుతున్నాయి."

ఆమె రాసుకుంది. "తీసినవారు అన్నచోట మీ పేరే రాస్తున్నాను" అంది, తలెత్తకుండానే. "ఇంకా నాలుగున్నాయి. కదలండి."