జేసన్ పాఠానికి తోడు పలికిన ఆమెన్

మా పెళ్లయి నలభై రోజులు. నేను మదనపల్లెలో నర్సింగ్ కాలేజీ ట్యూటర్‌ని. మా ఆయన జేసన్ కుప్పంలో ఫిజియాలజీ చెబుతాడు. ఆదివారాలు, రెండు ఊళ్లకూ మధ్యలో ఉన్న పుంగనూరులో, మా విక్టోరియా అత్త ఇంట్లో కలుసుకుంటాం. వారానికి ఒక్కరోజు కాపురం!

అందుకే మా కాలేజీలో ఫిజియాలజీ ఉద్యోగం ఖాళీ కాగానే ఆయనతో అర్జీ పెట్టించాను. డెమో క్లాసు నెగ్గితే ఇద్దరం ఒకే ఊళ్లో ఉండొచ్చు. కానీ జేసన్‌కు జనం ముందు నోరు పెగలదు. అత్త ఇంట్లో ప్రార్థన కూడికకు వచ్చే ఆడవాళ్ల ముందు మూడు ఆదివారాలు సాధన చేయించాను.

"గ్లియా అంటే ఏందప్పా?" అంది అత్త.

"జిగురు అత్తా. మెదడులో న్యూరాన్లను పట్టి ఉంచే జిగురే అనుకున్నారు మొదట్లో. కానీ ఆ కణాలు వింటాయి. న్యూరాన్ గ్లుటమేట్ అనే రసాయనం వదిలితే, పక్కనున్న గ్లియా కణంలో కాల్షియం పెరుగుతుంది..." ఊపిరి కోసం ఆగాడు.

"ఆమెన్!" అన్నారందరూ, ప్రసంగంలో పాస్టర్ ఆగినప్పుడల్లా అనే అలవాటు కొద్దీ.

జేసన్ ముఖం వెలిగింది. "అప్పుడది తన రసాయనం వదులుతుంది! న్యూరాన్ ఇంకా గట్టిగా పలుకుతుంది!"

"ఆమెన్! స్తోత్రం!"

"మా ఇంట్లో నేను నోరు తెరిస్తే ఆయప్ప గమ్మునైపోతాడే?" అంది కూడికకు వచ్చిన ఫ్లారెన్సమ్మ.

"అణిచే రసాయనాలు కూడా ఉన్నాయి పిన్నీ."

డెమో రోజు వచ్చింది. ముందు వరుసలో ప్రిన్సిపాల్ యశోదమ్మ, చివరి వరుసలో నేను. మొదటి వాక్యం అద్భుతంగా చెప్పి, జేసన్ ఆగాడు. తరగతి నిశ్శబ్దం. అటు చూశాడు, ఇటు చూశాడు. రెండో వాక్యం రాదే!

"యాల సార్, ఆపేసినారు?" అంది ప్రిన్సిపాల్.

నాకు అర్థమైపోయింది. సిగ్గు చంపుకుని గట్టిగా "ఆమెన్!" అన్నాను.

నలభై తలలు నావైపు తిరిగాయి. జేసన్ మాత్రం బ్రేకు వదిలిన బస్సులా దూసుకుపోయాడు. తర్వాత ఆగిన చోట పిల్లలే అందుకున్నారు. వాళ్లలో దిల్షాద్ తమ ఇంటి అలవాటుగా "ఆమీన్" అంది.

క్లాసు అయ్యాక ప్రిన్సిపాల్ కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ పిలిచింది. "సోమవారం చేరండి సార్. పిల్లోళ్లు పరీక్ష పేపర్లో ఆమెన్ రాస్తే మాత్రం బాధ్యత మీదే."

ఆ సాయంత్రమే అద్దె ఇళ్లు చూడబోయాం. మొదటి ఇంట్లోనే పోట్లాట: పెద్ద వంటిల్లు కావాలని ఆయన, బాల్కనీ కావాలని నేను. ఆహా, ఇక రోజూ పోట్లాడుకోవచ్చు!