వెనక్కి పిలిచే వీధి

బేరం దగ్గర శేషగిరిరావుని గెలిచిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఏలూరు వన్‌టౌన్‌లో ఎవర్నైనా అడగండి. కొల్లేటి లంకల్లో చేపల దగ్గర పూటల తరబడి బేరాలాడే మొనగాళ్లు కూడా ఆయన కొట్టు మెట్లెక్కి, పరుపు మీద కూర్చుని, ఆయన తెప్పించిన సోడా తాగి, తాము అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే ఇచ్చి, తామే గెలిచామనుకుంటూ ఊరికి పోయేవారు. అదీ ఆయన విద్య.

ఆయనది చీరల కొట్టు. బట్టల వీధిలో వాళ్ల తాతగారు పెట్టింది. ఆ రోజుల్లో వీధి మామూలు వీధి కాదు. అటు గిన్నెల కొట్లు, ఇటు చెప్పుల కొట్లు, నడుమ గాజులవాళ్లు. పెళ్లిళ్ల కాలంలో ఈ చివర చెప్పు తెగితే, వంగి చూసుకోవడానికి ఆ చివరికి వెళ్తే గాని చోటు దొరికేది కాదు.

అక్కడ బేరానికి ఓ పద్ధతి ఉండేది. షావుకారు ధర చెబుతాడు. వచ్చినావిడ గుండె మీద చెయ్యి వేసుకుని సగానికి అడుగుతుంది. ఆయన కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు. ఆవిడ చీర పక్కకి తోసి, లేచి, మెట్లు దిగి వెళ్లిపోతుంది. నిజానికి వెళ్లదు, వెళ్తున్నట్టు నడుస్తుంది. ఆ నడక చూసి షావుకారు పిలవాలి. తొందరపడి పిలిస్తే అలుసైపోతాడు. ఆలస్యం చేస్తే పక్క కొట్టువాడు పిలిచేస్తాడు. "ఏవమ్మా! ఇలా రండమ్మా! మీ చివరి మాట ఎంతో చెప్పండీ!" అని శేషగిరిరావు పిలిచాడంటే ఆ మనిషి తిరిగి రావలసిందే. ఒకసారి ఆ పిలుపుకి వీధిలో పోతున్న పెళ్లి ఊరేగింపు మొత్తం వెనక్కి తిరిగింది, గుర్రంతో సహా.

తర్వాత బైపాసు పక్కన నాలుగంతస్తుల మాల్ లేచింది. చల్లగాలి, నడిచే మెట్లు, కారు పెట్టుకోవడానికి చోటు. జనం అటు మళ్లారు. బట్టల వీధి ఎంత చల్లబడిందంటే, కొల్లేటి కొంగ ఒకటి దిగి, గిన్నెల కొట్టు ముందున్న స్టీలు బిందెలో తన మొహం చూసుకుని, ఈకలు సర్దుకుని, ఎవరూ అదిలించకపోతే విసుగొచ్చి వెళ్లిపోయింది.

శేషగిరిరావు కొడుకు విజయ్‌కుమార్ లెక్కల్లో దిట్ట. "జనం మారిపోయారు నాన్నగారూ. వాళ్లకి బేరాలాడే ఓపిక లేదండీ. మాల్ ఎలా ఉందో మనమూ అలా ఉండాలి," అన్నాడు. కొట్టుకి అద్దాల తలుపు పెట్టించాడు. పరుపు చుట్టి అటక మీద పడేశాడు. చీర చీరకీ ధర చీటీ అంటించాడు. గుమ్మం మీద "ఒకే ధర, బేరాలు లేవు" అని బోర్డు వేలాడదీశాడు. అది చూసి గిన్నెలవాళ్లూ, చెప్పులవాళ్లూ, ఆఖరికి గాజులవాళ్లూ అదే బోర్డు రాయించుకున్నారు. ఆ నెలలో వీధి మొత్తం మీద బాగుపడింది బోర్డులు రాసేవాడు ఒక్కడే.

"శ్రావణమాసం చూద్దామండీ," అన్నాడు విజయ్‌కుమార్. "అప్పటికీ ఇంతే అయితే పార్సిల్ కంపెనీవాళ్లు గోడౌన్‌కి అడుగుతున్నారు. ఇచ్చేద్దాం. కాకపోతే మీరు నాకొక్క మాట ఇవ్వాలి. ఎవరొచ్చినా బేరానికి నోరు విప్పకూడదు."

శేషగిరిరావు మాటిచ్చాడు. ఇచ్చాక గాని తట్టలేదు, ఆ కొట్టులో అట్టపెట్టెలు పేర్చేస్తే పొద్దున్న లేచి తాను ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న.

శ్రావణం మొదట్లో సాజిదా వచ్చింది. వెనక సందులో ఉండే టైలర్ ఇలియాస్ భార్య. ఆ వీధిలో ఆవిడతో బేరం అంటే కొత్త షావుకార్లు ముందుగా మంచినీళ్లు తాగేవారు. ఆవిడ నడక కూడా ప్రత్యేకం. చీర తోసేసి, మెట్లు దిగి, మూల మీద పప్పుల కొట్టు దాకా పోయి, అక్కడ ఆగి చెప్పు సరిచేసుకునేది. శేషగిరిరావు సరిగ్గా అప్పుడే పిలిచేవాడు. ఏళ్ల తరబడి సాగిన ఒప్పందం అది, నోటితో ఎవరూ చెప్పుకోలేదు గాని.

"షావుకారు గారూ, మా అర్షియాకి సంబంధం కుదిరిందండీ. తాడేపల్లిగూడెం వాళ్లు. పెళ్లివారికి పెట్టడానికి మంచి చీరలు తియ్యండి."

"శుభం అమ్మా, శుభం!" శేషగిరిరావుకి ప్రాణం లేచొచ్చింది. బీరువా మీద బీరువా తీశాడు. ఆవిడ చెయ్యి ఓ చిలకపచ్చ చీర మీద ఆగింది.

"ఎంతండీ ఇది?"

"దాని మీదే ఉందమ్మా. రెండువేల ఎనిమిదొందలు."

సాజిదా నవ్వింది. ఇదేదో కొత్త ఎత్తు అనుకుంది. "అది దారినపోయేవాళ్లకి. నాకెంత?"

శేషగిరిరావు కొడుకు వంక చూశాడు. "అందరికీ ఒకే ధరమ్మా."

"పద్నాలుగొందలు చేసుకోండి."

ఆయన నాలుక చివరికి ఓ ధర వచ్చింది. కొడుకు చూస్తున్నాడు. దాన్ని మింగేశాడు. సాజిదా లేచి అద్దాల తలుపు తోసుకుని వెళ్లింది. శేషగిరిరావు అద్దంలోంచి చూస్తున్నాడు. ఆవిడ పప్పుల కొట్టు దగ్గర ఆగింది. ఒక చెప్పు సరిచేసుకుంది. రెండో చెప్పు సరిచేసుకుంది. రెండూ విప్పి, దులిపి, తిరగేసి చూసి, మళ్లీ తొడుక్కుంది. ఆయన నోరు తెరుచుకుంది.

"నాన్నగారూ," అన్నాడు విజయ్‌కుమార్.

నోరు మూసుకుంది. సాజిదా ఒక్కసారి వెనక్కి చూసి, ముసుగు సర్దుకుని వెళ్లిపోయింది.

అప్పట్నుంచి ఆయనకి ఏదో జబ్బు పట్టుకుంది. జ్వరం కాదు, దగ్గు కాదు. పొద్దున్నే భార్య రత్నాంబ కాఫీ తెస్తే, "పంచదార ఎన్ని చెంచాలు వేశావు?" అన్నాడు.

"అర."

"రెండు వెయ్యి."

"షుగరుందని డాక్టరు గారు అరే వెయ్యమన్నారండీ."

"ఆయన మాటా వద్దు, నా మాటా వద్దు. ఒకటీ పావు."

"అరే."

"సరే, ఒకటి చేసుకో. నాకేం మిగల్దు, అయినా నీ మొహం చూసి ఇస్తున్నా."

రత్నాంబ గ్లాసు ఠక్కున పెట్టింది. "మీకు పిచ్చెక్కుతోంది! నిన్న పాల ప్యాకెట్ అబ్బాయిని గుమ్మంలో నిలబెట్టేశారు. మొన్న కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినతన్ని. అంత దురదగా ఉంటే పోయి ఆ మాల్‌లో ఆడుకోండి బేరాలు. నా ప్రాణం తియ్యకండి."

శేషగిరిరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

ఆ మర్నాడే వరలక్ష్మీ వ్రతం. మాల్ నిండా ఆడవాళ్లే. ఆయన నడిచే మెట్ల మీద కాలు పెట్టడానికి భయపడి, మెట్లతోనే కాసేపు బేరమాడి, ఆఖరికి గోడవార ఉన్న మామూలు మెట్లెక్కి పైకి వెళ్లాడు. ఓ తువ్వాలు తీసి ఎంతన్నాడు. స్టిక్కర్ చూడమంది అమ్మాయి. సగానికి అడిగాడు. నవ్వింది. ఆయన తువ్వాలు పెట్టేసి నడిచాడు. ఇటు చీరల వరుస దాటాడు, అటు పిల్లల గౌన్లు దాటాడు. ఎవరూ పిలవలేదు. వెనక్కి చూస్తే ఆ అమ్మాయి తువ్వాలు మడతపెడుతోంది. తన వంక కూడా చూడలేదు.

పప్పుల కొట్టు దగ్గర ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో శేషగిరిరావుకి అప్పుడు తెలిసింది. మెడ వెనక చల్లగా ఉంటుంది.

సరిగ్గా అప్పుడే పక్క వరుసలోంచి తెలిసిన గొంతు వినిపించింది.

"పదహారొందలు చెయ్యమ్మా."

"సిస్టమ్ ఒప్పుకోదు మేడమ్."

"ఎవరా సిస్టమ్? ఇలా పిలు, నేను మాట్లాడతా."

సాజిదాయే. ఆవిడ చీర పక్కకి తోసింది. లేచింది, అక్కడ కూర్చున్నదే లేదనుకోండి, అయినా లేచినట్టే కదిలింది. నడిచే మెట్ల దాకా పోయి, ఆగి, వంగి చెప్పు సరిచేసుకుంటోంది. వెనక అమ్మాయి చీర మడతపెట్టేసింది.

శేషగిరిరావు వల్ల కాలేదు.

"ఏవమ్మా! సాజిదమ్మా! ఇలా రండమ్మా! మీ చివరి మాట ఎంతో చెప్పండీ!"

ఆ అంతస్తులో ఉన్న ఆడవాళ్లందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. నడిచే మెట్ల మీద కిందికి పోతున్నవాళ్లు, ఆ మెట్లు దిగుతుంటే వీళ్లు ఎక్కుతూ, పైకి రావడానికి నానా తంటాలూ పడ్డారు.

సాజిదా నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇప్పుడొచ్చిందాండీ గొంతు? ఆ చిలకపచ్చ చీర ఉందా, అమ్మేశారా?"

"ఎవరు కొంటారమ్మా, మీరే కొనకపోతే!"

"పద్నాలుగొందలు."

"ఇరవై ఆరు. నేను కట్టిన డబ్బులు రావద్దా?"

"మీ అబ్బాయి కారు మార్చాడని విన్నానండీ. ఆ డబ్బులెక్కడివి? పదిహేను."

"ఆ కారుకి పెట్రోలు పొయ్యలేక తోసుకెళ్తున్నామమ్మా! ఇరవై నాలుగు."

చుట్టూ జనం మూగారు. "ఇచ్చేయండి షావుకారు గారూ, ఆడపిల్ల పెళ్లి!" అంది పెంటపాడు నుంచి వచ్చిన ఓ పెద్దావిడ. "మీరాగండి పిన్నిగారూ, ఇంకా తగ్గుతాడు!" అంది పక్కావిడ. సెక్యూరిటీ అతను పరుగున వచ్చి, "ఇక్కడ సొంత వ్యాపారాలు చెయ్యకూడదు సార్," అన్నాడు. కాసేపు విన్నాడు. "రెండు వేల దగ్గర తెంచేయండి సార్," అన్నాడు.

"అతను చెప్పాడని పంతొమ్మిదొందలండీ. ఇక నావల్ల కాదు," అంది సాజిదా.

శేషగిరిరావు కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "తీసుకోండమ్మా. బిడ్డ పెళ్లి. ఒక్క చీరకి నేనేం చితికిపోతానా?"

"ఒక్కటేమిటండీ?" అంది సాజిదా మెత్తగా. "పెళ్లివారికి డజను కావాలి. అన్నీ ఆ రకమే. అన్నీ పంతొమ్మిదొందలే. ఇంతమంది విన్నారు."

మాల్ దద్దరిల్లింది. మొదట్లో నేనో మాట అన్నాను చూడండి, ఆయన్ని గెలిచిన మనిషి పుట్టలేదని. పుట్టింది. ఏలూరు వన్‌టౌన్‌లోనే పుట్టింది. దెబ్బ తిన్న శేషగిరిరావు మొహం చూస్తే మాత్రం ఆయనే డజను చీరలు ఊరికే కొట్టేసినట్టు వెలిగిపోతోంది.

"షావుకారు గారూ, మాక్కూడా బేరం ఉంటుందాండీ?" ఎవరో అడిగారు.

"రండమ్మా! సోడా కూడా ఉంటుంది."

బట్టల వీధిలోకి ఆటోలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే విజయ్‌కుమార్ కొట్టులోంచి పరుగెత్తుకొచ్చాడు. తండ్రికి ఏదో అయిందనుకున్నాడు. ముందు ఆటోలోంచి తండ్రి దిగాడు, వెనక సాజిదా, ఆ వెనక ఆడవాళ్లు, ఆడవాళ్లు. అతను కాసేపు వాళ్లని చూశాడు. కాసేపు బోర్డుని చూశాడు. స్టూలెక్కి బోర్డు దించేశాడు. అదే స్టూలు లోపలికి తీసుకెళ్లి అటక మీద పరుపు కూడా దించాడు.

వారం తిరక్కుండా వీధిలో బోర్డులన్నీ దిగాయి. బేరమాడటం ఎప్పుడూ చూడని కాలేజీ పిల్లలు సెల్‌ఫోన్లు పట్టుకుని వచ్చారు, వీడియో తీద్దామని. తీసేవాళ్లు తీస్తూనే గాజులు కొన్నారు. చింతలపూడి నుంచీ, తణుకు నుంచీ పెళ్లి బట్టలకి వచ్చినవాళ్లు ముందు సాజిదా ఇల్లెక్కడని అడిగి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చేవారు. ఇలియాస్‌కి జాకెట్లు కుట్టడానికి పొద్దు చాలేది కాదు, పెళ్లాంతో మాట్లాడటానికి అసలు చాలేది కాదు. మాల్‌వాళ్లు కూడా వెనక్కి పిలవడానికి ఓ అమ్మాయిని పెట్టారట. పాపం, ఆ పిల్ల మనిషి ఇంకా లోపలికి రాకముందే పిలిచేసేది.

శ్రావణం వెళ్లగానే పార్సిల్ కంపెనీ మేనేజరు ఫణికిరణ్ ఒప్పంద కాగితాలు పట్టుకుని వచ్చాడు. మెట్ల మీద చెప్పులు దాటుకుని లోపలికి రావడానికే అతనికి చాలాసేపు పట్టింది. పరుపు మీద విజయ్‌కుమార్ కూర్చుని ఉన్నాడు. శేషగిరిరావు పక్కన బీరువాకి ఆనుకుని నిలబడ్డాడు. శ్రావణం దాకా చూద్దామన్నది కొడుకు. తేల్చవలసిందీ కొడుకే.

"గోడౌన్‌కి ఇవ్వడం లేదండీ," అన్నాడు విజయ్‌కుమార్.

"అద్దె ఇంకో రెండు వేలు పెంచుతాం సార్."

విజయ్‌కుమార్ కళ్లు మూసుకున్నాడు.

"ఐదు పెంచుతాం."

తెరవలేదు. ఫణికిరణ్ కాగితాలు సంచిలో పెట్టుకుని లేచి మెట్లు దిగాడు. కాస్త నెమ్మదిగానే దిగాడు. శేషగిరిరావు కొడుకు పెదవుల వంకే చూస్తున్నాడు. మేనేజరు నాలుగడుగులు వేశాడో లేదో విజయ్‌కుమార్ గొంతెత్తాడు.

"ఏవండీ మేనేజరు గారూ! ఇలా రండీ!"

శేషగిరిరావు బీరువా పట్టుకున్నాడు. ఫణికిరణ్ గబగబా తిరిగొచ్చి మళ్లీ సంచి విప్పబోయాడు.

"కాగితాలు ఉండనివ్వండి," అన్నాడు విజయ్‌కుమార్, పరుపు మీద చోటు చూపిస్తూ. "ఇంత దూరం వచ్చారు. ఇంట్లో ఆవిడకి ఏం పట్టుకెళ్తున్నారు? కూర్చోండి. నాన్నగారూ, సోడా చెప్పండి."

శేషగిరిరావు సోడా చెప్పడానికి తానే వీధిలోకి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఫణికిరణ్ రెండు చీరలు కొని, తానే గెలిచాననుకుంటూ మెట్లు దిగుతున్నాడు.

మీతో అబద్ధం ఎందుకు. అతను కొన్నది ఒక్క చీరే. రెండోది నేను కొసరు వేశాను.