మలుపు మలుపుకీ దిగే మనిషి

ఇనపకడ్డీతో వెనక టైరును కొట్టి, ఆ చప్పుడు చెవి ఒగ్గి విని, ఎలియోడోరో రెండో టైరు దగ్గరికి జరిగాడు. టైర్లను అప్పటికే రెండుసార్లు చూశాడు. ఎడమ చెయ్యి పొద్దుటినుంచీ లాగుతోంది. కొండమీది లా పాజ్ నగరం బస్టాండులో ప్రయాణికులు వేడి మొక్కజొన్న జావ కోసం మూగారు. అతను మాత్రం ఏమీ తాగలేదు. బండి కింద లోయ ఊళ్లకు చేరేదాకా అతనికి ఏదీ గొంతు దిగదు.

యాభై నాలుగేళ్ల క్లీనరు. పొట్టి మనిషి. చలికి పగిలిన బుగ్గలు, మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంటు. అతనితోపాటు చేరిన క్లీనర్లందరూ ఎప్పుడో డ్రైవర్లయ్యారు. అతను ఇరవై ఆరేళ్లుగా డ్రైవరు మకారియో బండిలోనే ఉండిపోయాడు. స్టీరింగు పట్టమని మకారియో రెండుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేశాడు.

కారణం మకారియో ఒక్కడికే తెలుసు. ఎలియోడోరోకు ఆ ఘాట్ రోడ్డంటే భయం. ప్రమాదమేదో చూసి పుట్టిన భయం కాదు. పెద్దకూతురు పుట్టిన ఏడాది, ఒక మామూలు రోజున, కిటికీలోంచి లోయకేసి చూస్తుంటే ఊపిరి అందలేదు. ఆ తర్వాత అది వదల్లేదు. ఇటుకల బట్టీలో మూడు నెలలు చేసి చూశాడు. దూరాన బస్సు హారన్ వినపడితే చేతిలో పని ఆగిపోయేది. తిరిగొచ్చాడు. అప్పటినుంచీ ఇరుకు మలుపు వస్తే దిగి నడుస్తాడు. దారి చూపించడానికి దిగుతున్నాడని జనం అనుకుంటారు. దారి చూపిస్తాడు కూడా. ముసలమ్మలు దీవిస్తుంటే తల వంచుకుంటాడు.

భయపడేవాళ్లను ఎక్కేటప్పుడే గుర్తుపడతాడు. ఈరోజు ముందు సీటులో నీల్డా అనే అమ్మాయి, కొత్తగా ఉద్యోగమొచ్చిన టీచరు, ఇనప కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. రోడ్డు కొండకు అతుక్కుని దిగడం మొదలవగానే లేచి నిలబడింది.

"ఆపండి. నేను వెనక్కి పోతాను. ఈ ఉద్యోగం నాకొద్దు."

ఎలియోడోరో రేకు గ్లాసు నిండా నీళ్లు తెచ్చాడు. "టీచరమ్మా, ఇవి కాస్త పట్టుకోండి. నా మందు నీళ్లు. చుక్క ఒలికినా మా ఆవిడ ఊరుకోదు."

"నా చేతులే వణుకుతున్నాయి బాబాయ్."

"అందుకే మీకిచ్చాను. వణకని వాళ్లకిస్తే నిద్రపోతారు."

ఆమె కూర్చుంది. లోయను వదిలి గ్లాసుకేసి చూడసాగింది. నాలుగు మలుపులు గడిచాయి. నాలుగుసార్లూ అతను దిగి ఎక్కాడు.

"మీకు భయం వెయ్యదా?" అని అడిగింది.

ఎవరడిగినా లేదనే చెప్పేవాడు. ఈసారి నోటికి ఆ మాట రాలేదు. "వేస్తుంది. రోజూనూ. పొద్దున్నుంచి మూడుసార్లు దొడ్డికెళ్లొచ్చాను."

ఆమెకు నవ్వొచ్చి నీళ్లు ఒళ్లో ఒలికాయి. "అయ్యో, మీ మందు."

"మందూ లేదు, ఏమీ లేదు. కుళాయి నీళ్లు." అతనూ నవ్వాడు.

"ఒరేయ్ డోరో, దిగు. లారీ ఎదురొస్తోంది," అన్నాడు మకారియో.

ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. వెడల్పున్న చోటికి బస్సును వెనక్కి తీయించడానికి ఎలియోడోరో దాని వెనక నిలబడ్డాడు. టైరుకూ అంచుకూ మధ్య జానెడు నేల. "రానీ... రానీ... రానీ... ఆపు." లారీ కొండ వైపు నుంచి బస్సును రాసుకుంటూ పోయింది. అతను బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, "పోనీ" అన్నాడు.

బస్సు మలుపు తిరిగింది. ఆ చప్పుడు తగ్గుతుంటే ఎప్పటిలాగే గుండె కుదుటపడింది. చెప్పులో రాయి గుచ్చుకుంటోంది. బండరాయి మీద కూర్చుని, పాత టైరుతో చేసిన కుడికాలి చెప్పు విప్పి దులిపాడు. పక్కన పెట్టాడు. రోడ్డు మీద ఎన్నడూ లేనిది, ఆకలేసింది. అలిసినట్టుంది. కాస్త కూర్చుని లేద్దామనుకుని వెనక కొండకు ఆనుకున్నాడు.

మకారియో రోజూ ఆగే చోటే, మలుపు అవతల, బండి ఆపి సిగరెట్ వెలిగించాడు. ఒక సిగరెట్ అయ్యేలోపు డోరో నడిచొచ్చేస్తాడు.

"బాబాయ్ రాలేదేం?" అంది నీల్డా.

"వస్తాడు. వాడికి నడవడం ఇష్టం."

సిగరెట్ అయిపోయింది. రెండోది వెలిగించకుండా దిగి వెనక్కి నడిచాడు. నీల్డా అతని వెనకే వెళ్లింది. ఎలియోడోరో కళ్లు సగం మూసి, కాళ్లు నేలకు ఆనించి కూర్చుని ఉన్నాడు. మకారియో అతని మణికట్టు పట్టుకుని నాడి కోసం వెతికాడు. అందలేదు.

"నేల మీదే ఉన్నాడు," అన్నాడు చివరికి. "బండిలో కాదు."

ఆ మాట ఎందుకన్నాడో నీల్డాకు అర్థమైంది. ప్రయాణికులు వచ్చి అతన్ని మోసుకెళ్లి వెనక సీటులో పడుకోబెట్టి దుప్పటి కప్పారు. బస్సు కదిలింది. తర్వాతి ఇరుకు మలుపులో ఎవరూ చెప్పకుండానే నీల్డా దిగి ముందుకు నడిచింది. చెయ్యెత్తి, "రానీ," అంది. "రానీ... రానీ..."

పైన, ఆ బండరాయి మీద, తడిమన్ను అంటిన టైరు చెప్పు ఒక్కటి రోడ్డు వైపు తిరిగి ఉండిపోయింది.