కుడికాలి కిర్రు

ఆ ఇంటి గుమ్మం దాటగానే నేల మీద అడ్డంగా ఒక ఎర్ర టేపు అంటించి ఉండేది. దానికి ఇవతల చెప్పుల స్టాండు, ఒక పొట్టి స్టూలు, కాళ్ళు తుడుచుకునే పట్టా. అవతల ఇల్లు. బయట తొడుక్కున్న జోడు ఆ టేపు దాటి లోపలికి రావడమన్నది జరిగే పని కాదు. పొయ్యి బాగుచేసే మనిషైనా, పై ఫ్లాటు ఆవిడైనా స్టూలు మీద కూర్చుని విప్పాల్సిందే. ఒకసారి ఇంటాయన పనిచేసే లిఫ్టుల కంపెనీ మేనేజరు వచ్చి, "కారులోనే వచ్చానమ్మా, మట్టేం లేదు" అని నసిగాడు. ఇంటావిడ చక్కగా నవ్వి, స్టూలు ఆయన ముందుకు జరిపింది. పాపం ఆయన మేజోడుకు చిల్లు. అందులోంచి బొటనవేలు బయటికొచ్చి కూర్చుంది. టీ తాగినంతసేపూ ఆ వేలిని రెండో కాలి కింద దాచుకోవడానికి ఆయన పడ్డ తిప్పలు చూసి, ఇంటాయన నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాడు.

ఇంటావిడ ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. అక్కడా నేల మీద ఇలాంటి గీతే ఉంటుంది. బయటి బూటుతో ఆ గీత దాటబోయిన పెద్ద పెద్ద డాక్టర్లనే నిర్మొహమాటంగా వెనక్కి పంపిన మనిషి, ఇంట్లో ఎవరి పప్పులు ఉడకనిస్తుంది? "రోడ్డు మీద ఏమేం పడి ఉంటాయో నన్నడగండి చెబుతాను. ఆ రోడ్డంతా చుట్టగా చుట్టి తెచ్చి నా ఇంట్లో పరుస్తారా?" అనేది. ఇంట్లో తిరగడానికి ఒకే రకం బూడిదరంగు ఊలు మేజోళ్ళు బోలెడు కొనిపడేసింది. అన్నీ ఒకలాంటివే అయితే ఉతికాక జతలు వెతుక్కునే బాధ ఉండదని ఆవిడ తెలివి. ఆ మేజోళ్ళతో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంట్లో తిరుగుతుంటే దూది నేల మీద పడినంత చప్పుడు కూడా అయ్యేది కాదు.

అలాంటి ఇంటికి మామగారు వచ్చి చేరారు.

ఆయన బూట్లు కుట్టే మనిషి. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆ రెంటికీ మధ్య తలుపైనా ఉండేది కాదు, ఇక టేపొకటా? ఇంటిల్లిపాదీ పొద్దున్న వేసుకున్న జోడు రాత్రి పడుకోబోయేముందే విప్పేవాళ్ళు. వయసు మీద పడి చూపు మందగించింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది కానీ, అది ఎవరో తెలియదు. కొట్టు మూసేసి, బట్టల పెట్టె ఒకటీ పనిముట్ల పెట్టె ఒకటీ పట్టుకుని కొడుకు దగ్గరికి వచ్చేశారు.

కోడలు మొదటిరోజే పెద్ద యుద్ధానికి సిద్ధపడి గుమ్మంలో నిలబడింది. ఏం చెప్పాలో ఆస్పత్రి నుంచి వస్తూ బస్సులో మాటలు కూడా కూర్చుకుంది. తీరాచూస్తే ఆయన స్టూలు మీద కూర్చుని, లేసులు విప్పి, బూట్లు స్టాండులో పెట్టి, ఆవిడిచ్చిన ఊలు మేజోళ్ళు తొడుక్కుని లోపలికి నడిచారు. పల్లెత్తు మాటన్నది లేదు. యుద్ధం లేకుండానే గెలిచిన కోడలికి ఎందుకో ఆ గెలుపు అంత రుచించలేదు.

రోజులు గడుస్తున్నకొద్దీ ముసలాయన ముడుచుకుపోవడం మొదలుపెట్టారు. వచ్చిన కొత్తలో కబుర్ల పోగు. ఇప్పుడు కిటికీ పక్క కుర్చీలోంచి కదలరు. పక్కకి వెళ్ళి "టీ, మామయ్యా" అంటే ఉలిక్కిపడి కప్పు ఒలకబోసుకుంటారు. గదిలో ఎవరూ లేనప్పుడు "ఎవరది?" అంటారు. ఒకరోజు మూల వైపు తిరిగి తనలో తను ఏదో చెప్పుకుంటూ కనిపించేసరికి కోడలు ఇక ఊరుకోలేకపోయింది.

"మీ నాన్నగారు అలిగారండీ. బూట్లు విప్పించానని" అంది భర్తతో.

"అలిగితే అలిగారు. ఆయన్నొక్కడినీ వేసుకోనిద్దాం. పెద్దాయన..."

ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "పెద్దాయన కాబట్టే! జబ్బులేమన్నా పెద్దరికం చూసి పక్కకి తప్పుకుంటాయా?"

భర్త వెంటనే పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. లిఫ్టు మధ్యలో ఇరుక్కుపోతే లోపలివాళ్ళకి ఎలా ధైర్యం చెప్పాలో తెలిసిన మనిషి, ఇంట్లో ఇరుక్కుపోయినప్పుడు మాత్రం పేపరునే నమ్ముకునేవాడు.

సంగతి ఆ నోటా ఈ నోటా ఆడపడుచు చెవిన పడింది. ఆవిడ ఊరికి అవతలి కొసన ఉంటుంది. ఫోన్ చేసి, "మా ఇంట్లో బూట్లేసుకుని మంచమెక్కినా అడిగే నాథుడు లేడు. నాన్నని ఆదివారం వచ్చి తీసుకెళ్ళిపోతాను" అంది. మామగారు సరేనన్నారు. అలాగేనమ్మా అన్నారు తప్ప ఎందుకు వెళుతున్నారో, ఎవరి మీద కోపమో చెప్పలేదు.

పీడా విరగడైంది అనుకోవడానికి కోడలు గట్టిగానే ప్రయత్నించింది. కుదరలేదు. ఆయన వచ్చాక ఇంట్లో తోలు వాసన, మైనం వాసన ఒకటి చేరింది. అది ఉండదనుకుంటే దిగులుగా ఉంది. పైగా, తన గీత మూలంగా ఒక పెద్దమనిషి ఇల్లు వదిలి పోతున్నాడంటే ఆ మాట పడేది తనే. టేపు పీకేద్దామా అని ఒకటికి రెండుసార్లు వంగి చూసింది. చెయ్యి రాలేదు. ఆస్పత్రిలో చూసినవన్నీ కళ్ళముందుకొచ్చాయి.

శనివారం ఒక ఆపరేషన్ వాయిదా పడి, ఆవిడ సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చేసింది. మామూలుగా ఆ వేళకి ముందు వచ్చేది భర్త. మేజోళ్ళు తొడుక్కుని లోపలికొచ్చి చూస్తే, మామగారి గది తలుపు తీసే ఉంది. ఆయన మంచం మీద కూర్చుని, పెట్టెలోని పనిముట్లన్నీ ఒక్కొక్కటే తడిమి తడిమి పాత పేపర్లలో చుడుతున్నారు. గుమ్మంలో ఆవిడ ఆకారం ఆయనకి మసకగా ఆనింది. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే ఎత్తు.

"వచ్చావట్రా? కూర్చో. నీ పెళ్ళాం రాకముందే నీకో మాట చెప్పాలి."

నేను మామయ్యా అనబోయింది. ఆయన అప్పటికే మొదలుపెట్టేశారు.

"ఆ పిల్లని ఒక్క మాటన్నావంటే ఊరుకోను. తప్పు దానిదేం లేదు. శుభ్రంగా ఉండమనడం తప్పెట్లా అవుతుంది? ఇబ్బంది నాది. నా కొట్లో నాకు కళ్ళతో పనేముందిరా? చప్పుడు వింటే మనిషెవరో తెలిసేది. నువ్వు బళ్ళో చదివేటప్పటి నుంచీ ఎడమ మడమ ఈడుస్తావు. మీ అమ్మ టకటకా పోయేది, పొయ్యి దగ్గరే ఆగేది. ఇక్కడ ఎవరికీ కాళ్ళే లేవు. ఎవరొచ్చారో తెలీదు, ఎవరెళ్ళారో తెలీదు. ఉన్నట్టుండి చెవి పక్కన మాట పడుతుంది, గుండె జారిపోతుంది. మొన్న మూల నిలబడింది నువ్వే అనుకుని నా మోకాలి నొప్పి సంగతంతా చెప్పుకున్నాను. చూస్తే కోటు స్టాండు. నీ కన్నా అదే శ్రద్ధగా వింది."

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియక కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు నేనని చెబితే ఆయన సిగ్గుతో చచ్చిపోతారు. చెప్పకపోతే తను దొంగ.

"మరి చెప్పొచ్చుగా అంటావు. చెబితే ఆ పిల్ల ఒప్పుకుంటుందిరా! అదే కదా గొడవ. నా కోసం గీత చెరిపేస్తుంది. చెరిపి, రోజంతా ఆస్పత్రిలో నిలబడొచ్చి, నేను నడిచినంత మేరా నా వెనకాలే తుడుచుకుంటుంది. నాకు కనపడదు కాబట్టి తెలీదనుకుంటుంది." ఆయన సుత్తిని చుట్టడం ఆపారు. "మన ఇంటికి మొట్టమొదటిసారి వచ్చినప్పుడు ఎట్లా నడిచిందో నాకిప్పటికీ చెవిలో ఉంది. ఎడమకాలు చప్పుడు లేదు, కుడికాలి జోడు కిర్రుమంది. ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి నిలబడడంతో ఆ జోడు అరిగిపోయింది. ఈ పిల్ల కూర్చునే రకం కాదు, మిగతావాళ్ళు నిలబడి ఉంటే తను కూర్చోదు అని మీ అమ్మతో అప్పుడే చెప్పాను. వచ్చాక మళ్ళీ ఆ చప్పుడు వింటాననుకున్నా. ఈ ఇంట్లో ఉన్నా ఆ పిల్ల నాకు లేనట్టే అయిపోయింది. ఇట్లా ఉండడం కన్నా మీ అక్క దగ్గరికి పోవడం నయం."

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. "నాన్నా! టీ తాగారా?" అంటూ కొడుకు గుమ్మంలోంచి అరిచాడు.

ముసలాయన చేతిలో పేపరు చేతిలోనే ఆగిపోయింది. ముఖం వీధి గుమ్మం వైపు తిరిగింది, మళ్ళీ ఈ గుమ్మం వైపు తిరిగింది.

"మరి ఇక్కడున్నదెవరు?"

"నేను... నేనే మామయ్యా."

ఆయన చేతిలోని పేపరు మంచం మీద పెట్టారు. తర్వాత మెల్లగా, "అయితే ఈసారి కోటు స్టాండు కాదన్నమాట" అన్నారు.

అంతే. కోడలు నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే వెళ్ళి మంచం మీద ఆయన పక్కన కూలబడింది. సిగ్గూ సంతోషమూ రెండూ ఒకేసారి మీద పడ్డాయి ఆవిడకి. ఏం జరిగిందో అంతుపట్టని భర్త ఒక కాలి బూటు విప్పి, రెండోది విప్పకుండానే టేపు దాటి వచ్చేశాడు. ఆవిడ ఆ ఏడుపులోనే చూపుడు వేలు చాచి, "బూటు!" అంది. అతను ఒంటికాలి మీద గెంతుతూ వెనక్కి పోయాడు.

"అరె, వీడు వచ్చాడు, వీడి చప్పుడు వినపడింది!" అన్నారు ముసలాయన, పట్టలేని సంబరంతో.

ఆ ఒక్క మాటతో కోడలికి మెదడులో దీపం వెలిగింది.

"మామయ్యా, మా థియేటర్లో మేం వట్టి కాళ్ళతో తిరుగుతామనుకున్నారా? గీత దగ్గర బయటి జోడు విప్పి, లోపలి జోడు తొడుక్కుంటాం. ఆ జోడు జన్మలో బయటికి పోదు. నాకు పడనిది రోడ్డు, జోడు కాదు. ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు చూడండి!" ఆవిడ ముక్కు తుడుచుకుంది. "మీరు కుడతారా? అందరికీ ఒక్కో జత. ఎవరి చప్పుడు వాళ్ళకి."

"చూపు లేనివాడు కుట్టిన బూటు వేసుకుంటారా ఎవరైనా?"

"వంకరగా వస్తే వంకరగా నడుస్తాం."

ఆదివారం ఆడపడుచు కారు డిక్కీ ఖాళీ చేసుకుని మరీ వచ్చింది. ఎత్తు మడమల చెప్పులు టేపు దగ్గర విప్పి, సణుగుతూ లోపలికొస్తే, హాలంతా పాత పేపర్లు, తోలు ముక్కలు. తండ్రి నేల మీద చతికిలబడి, తమ్ముడి పాదం చుట్టూ పెన్సిలు తిప్పుతూ గీత గీస్తున్నారు.

"ఇదేంటి నాన్నా? బయల్దేరడం లేదా?"

"నీ పాదం కూడా పెట్టవే ఇక్కడ. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా వేసుకోవడానికి ఒక జత ఉండొద్దూ?"

ఆడపడుచు మరదలి వైపు చూసింది. "నువ్వేం మందు పెట్టావే ఈయనకి?" అంది. అని, తనూ నవ్వుతూ పాదం పెట్టింది.

పని చాలా రోజులు సాగింది. ఆయన చేతులకి చూపు అక్కర్లేకపోయింది గానీ, దారం సూదిలోకి ఎక్కించడానికి మాత్రం రోజూ ఎవరో ఒకరు కూర్చోవాల్సి వచ్చేది. వాళ్ళని ఊరికే కూర్చోనివ్వకుండా కబుర్లతో చంపేవారు. కొడుకు జోడు ఎడమ మడమకి పలుచటి చెక్క వేశారు. వాడెటూ ఈడుస్తాడు, ఇప్పుడు ఇల్లంతా వినపడేలా ఈడుస్తాడు. తనకి మాత్రం మెత్తటి జత కుట్టుకున్నారు. "నేనొస్తున్నట్టు చప్పుడెందుకు? మీకు కళ్ళున్నాయిగా, చూసుకోండి" అన్నారు.

కోడలి జత అన్నిటికన్నా ఆఖరున అయింది. అడుగు తోలుకీ లోపలి అట్టకీ మధ్య సరిగ్గా అంటకపోతే జోడు కిర్రుమంటుందట. అలా కిర్రుమనే బూటు కొట్టుకి తిరిగొస్తే ఆయనకి ఆ పూట అన్నం సహించేది కాదు. ఇప్పుడు కుడికాలి దాన్ని కుట్టడం, విప్పడం, చెవి దగ్గర పెట్టుకుని వంచి చూడడం, పెదవి విరవడం. "మంచి బూటు కుట్టడం తేలికేనమ్మా. కావాలని చెడగొట్టడానికే చెయ్యి తిరగడం లేదు" అన్నారు.

మర్నాడు కోడలు ఆస్పత్రి నుంచి వచ్చేసరికి చెప్పుల స్టాండుకి ఎదురుగా, టేపుకి అవతల, ఒక కొత్త జత పెట్టి ఉంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని బయటి చెప్పులు విప్పి, లోపలివి తొడుక్కుంది. రోజంతా మాట్లాడకూడని, చప్పుడు చేయకూడని గదిలో నిలబడి వచ్చిన మనిషి. ఎడమకాలు వేసింది, ఏమీ లేదు. కుడికాలు వేసింది. కిర్రుమంది.

"వచ్చావా అమ్మా?" అని లోపలి గదిలోంచి ఆయన గొంతు వినపడింది. "ఇవాళ నిలబడే పని ఎక్కువైనట్టుందే. పో, కాసేపు కూర్చో."

ఆవిడ ఇంకా నోరు విప్పనేలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి. "వచ్చాను మామయ్యా" అంది. వంటింట్లో పనున్నా అటు వెళ్ళకుండా, కుడికాలు కాస్త గట్టిగానే మోపుకుంటూ ఆయన గది దాకా నడిచింది.