సూర్యుణ్ణి తీయలేదు సార్

అది ఎనభై ఆరో సంవత్సరం. మానుకోటలో వీడియో కెమెరా ఉన్న ఒకే ఒక్క మొనగాడు అమర్‌సింగ్. ఆ మొనగాడే ఇప్పుడు సికింద్రాబాద్‌లో, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొత్త కెమెరాతో ఎవరిని తీసినా మొహం మీద గీతలే! ఎల్లుండి చెల్లెలు కమ్లీ పెళ్లి. పెళ్లయ్యాక పిల్ల భూపాలపల్లి వెళ్లిపోతుంది. పెళ్లంతా వీడియో తీసిస్తానని తల్లి తుల్సీబాయికి మాటిచ్చాడు. కొడుకు మాట మీద నమ్మకం చాలక ఆమె కూడా రైలెక్కి వచ్చేసింది.

"మీరు సూర్యుణ్ణి తీశారు," అన్నాడు ఇంజనీరు దయాకర్. ఆయన టై కట్టుకున్నాడు, మాటకు కూడా ఇస్త్రీ చేసుకున్నట్టున్నాడు. "లోపల బొమ్మను పట్టే ట్యూబు కాలిపోయింది. సూర్యుణ్ణి తీస్తే గ్యారంటీ వర్తించదండీ. కాగితంలో రాసే ఉంది."

"అమ్మతోడు సార్, సూర్యుని దిక్కే సూడలే! మా తండల ఆడోళ్లు ఆడుతుంటె తీసిన, గంతే."

"అందరూ అలాగే అంటారు. మా కెమెరాలో లోపం ఉండదు. కావాలంటే చూడండి."

దయాకర్ స్టాండు మీదున్న కంపెనీ కెమెరాను కిటికీ దగ్గర నిలబడ్డ తుల్సీబాయి వైపు తిప్పాడు. పక్కనున్న టీవీలో తుల్సీబాయి ప్రత్యక్షమైంది.

"యాడీ, గది నువ్వే!" అని తల్లిని తమ భాషలో పిలుస్తూ అరిచాడు అమర్‌సింగ్.

ఆమె చెయ్యెత్తింది. టీవీలో ఆమె కూడా ఎత్తింది. ఇంకేముంది! సంబరం పట్టలేక అక్కడికక్కడే గిర్రున తిరిగింది. రవిక నిండా అద్దాలు, లంగా నిండా అద్దాలు, కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ. గదంతా తళతళలాడిపోయింది. గుమాస్తాలు పని వదిలేసి వచ్చారు, టేపు రికార్డర్లు పట్టుకొచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె మరో రెండు చుట్లు తిరిగి, ఆయాసపడుతూ పక్కకు జరిగింది.

టీవీలో ఖాళీ గోడ మిగిలింది. దాని మీద వంకరటింకర గీతలు.

దయాకర్ లెన్సు తుడిచాడు. గీతలు పోలేదు. మళ్లీ తుడిచాడు.

"అవ్వో, సచ్చినం పో! కంపెనీ కెమెరను గూడ కాల్చినవ్ గదనే అవ్వా!"

దయాకర్ ఇస్త్రీ మాట ఎటు పోయిందో ఏమో! అమర్‌సింగ్‌కు ఆ యాస వినగానే ప్రాణం లేచొచ్చింది.

"సార్! మీది మన దిక్కేనా?"

"రఘునాథపల్లి," అన్నాడు దయాకర్ గొంతు తగ్గించి. "గిట్ల మాట్లాడితె ఈడ నవ్వుతరని..." అంటూ తనే నవ్వేశాడు. గ్యారంటీ కాగితం తీసి మళ్లీ చదివాడు. "గిందుల సూర్యుడనే ఉన్నది. అద్దాల మీది ఎండ ముచ్చటే లేదు. రెండు ట్యూబులు మారుస్త తియ్యి, నీదొకటి, మాదొకటి! పెండ్లిల మాత్రం ఎండల ఆడనియ్యకు. పందిరి కింద ఆడమను."

అమర్‌సింగ్ ఆయన్ని ఎత్తుకున్నంత పని చేశాడు.

తుల్సీబాయికి ఇవేవీ పట్టలేదు. టీవీ ముందు నిలబడి, ఆ గీతల్ని వేలితో తడుముతోంది.

"నేను జరిగినా నా జాడ గీడనే ఉన్నది బిడ్డా. కమ్లీ పోయినంక గూడ గిట్లనే కనబడ్తదా?"

"గింతకన్న మంచిగ అవ్వా. మొఖమే కనబడ్తది, నవ్వు ఇనబడ్తది," అన్నాడు దయాకర్.

"అయితె జల్ది బిగించు బిడ్డా," అంది తుల్సీబాయి కళ్లొత్తుకుంటూ. "ఎల్లుండి దాంకనే అది నా దగ్గరుంటది."